మా ఊరి కుంట చుట్టూ మొక్కలు నాటుదాం, ఎవరెవరు వస్తారు? (చంద్రగిరి దగ్గర)

చంద్రగిరి_కుర్రోడు (మే 11)

అందరికీ నమస్తే. మాది చంద్రగిరి నుంచి కొండల వైపు పోతే వచ్చే చిన్న పల్లె. నేను తిరుపతిలో పని చేస్తా, శని ఆదివారాలు ఇంటికి పోతా. ఊరి కింద ఒక కుంట ఉంది, ఐదారెకరాలు ఉంటుందేమో. మేమంతా ఈత నేర్చుకున్నది దాంట్లోనే, మా నాయన నడుముకు సొరబుర్ర కట్టి తోసేశాడు. ఇప్పుడు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ముప్పావు భాగం సర్కారు తుమ్మ, మిగతా పావు కోళ్ళ ఈకలు, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు.

నా ప్లాన్ చెప్తా. జూన్ 5 పర్యావరణ దినోత్సవం కదా, ఆ రోజు 500 మొక్కలు. తుమ్మంతా జేసీబీతో ఒక్క రోజులో పీకించేస్తా, మా చిన్నాన్నకు బండి ఉంది. కట్ట మీద వాకింగ్ ట్రాక్, నాలుగు బెంచీలు. ఎర్రచందనం మన శేషాచలం చెట్టు, కట్ట పొడవునా అదే పెడదామని ఉంది. మనుషులే కావాలి. యాభై మంది వస్తే చాలు. టిఫినూ మజ్జిగా నావి.

పీలేరు_బస్సు

టిఫిన్‌లో ఏముందో ముందు చెప్పు. నేను రెడీ.

నర్సరీ_తాత

బాబూ, కుంట బాగుచేయాలన్న నీ ఆలోచన మంచిది. జూన్ 5 మాత్రం వద్దు. నేను ముప్పై ఏళ్ళు నర్సరీల్లో మొక్కలు పెంచినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఆ తేదీకి రోహిణి కార్తె కూడా దాటదు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో అడుగెత్తు మొక్కను కవర్లోంచి తీసి నేలలో పెడితే దానికి ఊపిరి ఎక్కడ? కేరళకు జూన్‌లో వాన వస్తే మనకూ వచ్చినట్టేనా. మన తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరు, నవంబరులో, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే. అందుకని గుంతలు ఇప్పుడు తవ్వి ఎండకు వదిలేయ్, రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. అందులో కుంట ఒండ్రు, పశువుల ఎరువు కలిపి నింపు. మొక్క ఆగస్టు చివర్లో, ఒక మంచి వాన పడి నేల తడిసిన తర్వాత పెట్టు. అప్పుడు దానికి మూడు నెలల వాన దొరుకుతుంది, వేరు కిందికి దిగుతుంది.

ఇంకోటి, 500 ఎందుకు? లెక్క వేసుకో. ఎండాకాలంలో మొక్కకు తడవకు పది లీటర్లు, వారానికి రెండు తడులు. 500 మొక్కలంటే తడవకు ఐదు వేల లీటర్లు, అంటే ఒక ట్యాంకరు, వారానికి రెండు ట్యాంకర్లు, ఫిబ్రవరి నుంచి జూలై దాకా. ఎవరు తోలతారు? 60 పెట్టు. ఆరు వందల లీటర్లు మూడు డ్రమ్ముల పని, ట్రాక్టరు మీద పోతుంది. అట్లా రెండు ఎండాకాలాలు దాటిస్తే ఇక దాని బతుకు అది బతుకుతుంది.

ఒక ఊళ్ళో ఒక పెద్ద సంస్థ వాళ్ళు (పేరెందుకులే) రెండు లారీల మొక్కలు దించి, బ్యానరు కట్టి, గంటన్నరలో నాటేసి పోయారు. గుంత జానెడు లేదు. కొన్నిటికి నల్ల కవరు కూడా తీయలేదు, కవరుతోనే పాతేశారు. వినాయక చవితికి పోయి చూస్తే బ్యానరు కట్టిన తాళ్ళు మాత్రం ఉన్నాయి.

ఎర్రచందనం సంగతి. అది రాతి వాలుల్లో, నీళ్ళు నిలవని చోట పెరిగే చెట్టు. కుంట అంచున పెడితే వేరు కుళ్ళి పోతుంది. పోకుండా పెరిగిందనుకో, చేవ పట్టేసరికి నీ కొడుకు నీ వయసుకు వస్తాడు, అప్పుడు రాత్రిళ్ళు కాపలా ఎవరు? నీరు తగిలే చోట నల్లతుమ్మ, వంక ఒడ్డుకు ఏరుమద్ది, నేరేడు. పైన పొడిగా ఉండే చోట కానుగ, వేప, రేల, వెలగ.

చంద్రగిరి_కుర్రోడు

తాతా, జూన్ 5 అయితే ఆఫీసులో యాభై మంది వస్తారు, ఆగస్టు చివర ఆదివారం అంటే ఐదుగురు కూడా రారు. అదీ నా టెన్షన్.

నర్సరీ_తాత

ఐదుగురు చాలు. 60 మొక్కలే కదా.

తీతువు

నేను టీచర్ని, పదేళ్ళుగా చంద్రగిరి, తిరుపతి చుట్టుపక్కల పిట్టలు చూస్తుంటా. చెప్పకుండా ఉండలేక రాస్తున్నా, తమ్ముడూ, ఆ జేసీబీ ఆలోచన దయచేసి మానుకో.

ఒకటి, జేసీబీ వాళ్ళు పని తొందరగా అవుతుందని ఒడ్డును నిలువుగా కోసేస్తారు. ఒడ్డు వాలుగా ఉంటేనే నీళ్ళు తగ్గేకొద్దీ బురద అంచు బయటపడుతుంది, కొంగలు, ఉల్లంకులు, చలికాలంలో వచ్చే జిట్టంగులు అన్నీ ఆ అంచు మీదే మేస్తాయి. నిలువుగా కోస్తే ఆ అంచు ఉండదు, పైగా బర్రెలు దిగలేవు, పిల్లలు కాలు జారితే పైకి రాలేరు. ఇట్లా తవ్విన గుంతల్లో పిల్లలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం కదా.

రెండు, నీటి మీదికి వంగిన తుమ్మ కొమ్మలు ఉంటే వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు. గిజిగాళ్ళు గూళ్ళు కట్టేది అక్కడే, పాము ఎక్కలేదని. వాళ్ళ సీజన్ ఇప్పుడే మొదలవుతుంది. ఈ ఏడాది ఒక మూల, వచ్చే ఏడాది ఇంకో మూల, అట్లా తీసుకుంటూ పోవాలి. మధ్యలో ఈత మొక్కలు పెంచితే గూళ్ళు వాటి మీదికి మారతాయి.

మూడోది నా పేరు సంగతి. కిందటి ఏడు ఏప్రిల్‌లో ఇంకో చెరువు దగ్గర ప్లాస్టిక్ ఏరే కార్యక్రమానికి పిల్లల్ని తీసుకుపోయా. తీతువు పిట్ట ఒకటి తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. మా ఏడో తరగతి పాప కాలు ఎత్తి పెట్టబోతూ ఆగిపోయింది, టీచర్, ఈ రాళ్ళు కొంచెం వేరేగా ఉన్నాయి అంది. నాలుగు గుడ్లు, గులకరాళ్ళ మధ్యలో, మట్టిరంగు మీద నల్ల మచ్చలు, మొనలు లోపలికి పెట్టి పువ్వులాగా. గూడు లేదు, పుల్ల లేదు, వట్టి నేల. పక్కన గులకరాయి పెడితే నాకే తేడా తెలీలేదు. ఆ ఖాళీ నేలలోనే మనం గుంతలు తవ్వి చెట్లు పెడతామన్నది! ఖాళీగా కనిపించే ప్రతి చోటా చెట్టు పెట్టాలని లేదు. కొంత చోటు ఖాళీగానే వదిలేయండి.

మేకలోడు

అందరూ బాగా చెప్తున్నారు. నేనూ చెప్తా. మా ఇంట్లో నలభై మేకలు ఉండాయి. మా నాయన ముప్పై ఏళ్ళుగా ఇట్లాంటి కుంటల్లోనే మేపుతుండాడు. ఎండాకాలంలో ఊళ్ళో పచ్చి ఆకు అంటూ ఉండదు, అప్పుడు ఆ తుమ్మకాయే మేకలకు తిండి. కట్టెలు ఆడోళ్ళు అక్కడే కొట్టుకుంటారు. మీరు ఆదివారం వచ్చి కంచె వేసి పోతారు, సోమవారం నుంచి మా నాయన మేకల్ని ఎక్కడ తోలాలో అది కూడా ఆ ప్లాన్‌లో రాయండి. మొక్కలు పోయిన ప్రతిసారీ మేకలు తినేశాయి అంటారు. మేకలోడిని ఎవరన్నా ఒకసారి అడిగినారా?

చంద్రగిరి_కుర్రోడు

అన్నా, నేనేం మేకల్ని తిట్టలేదే. కానీ తుమ్మ తీయకుంటే కుంట ఎట్లా బాగవుతుంది?

మేకలోడు

తీయొద్దని నేను అనలా. అడిగి తీయండి అంటున్నా.

నర్సరీ_తాత

మేకల అబ్బాయి చెప్పింది నూటికి నూరు పాళ్ళూ సరి. ఆ కాయ తిని మేకలు, ఎద్దులు వేసే పేడలోంచే తుమ్మ ఊరంతా మొలుస్తుంది అన్నదీ నిజమే, అది వాళ్ళకూ తెలుసు. నేను పని చేసిన ఒక చోట ఊరి మేకలోళ్ళతో ముందే కూర్చుని మాట్లాడాం. కుంటలో ఒక పక్క మూడేళ్ళు మేత లేదు, రెండో పక్క వాళ్ళిష్టం, మూడేళ్ళకు మార్పిడి. కాపలా మనిషి కూడా వాళ్ళలోంచే, నెలకింత అని ఇచ్చాం. మొక్కలు నిలిచింది అక్కడొక్క చోటే.

కంచెకు డబ్బు పెట్టొద్దు. నరికిన తుమ్మకంపే మొక్క చుట్టూ గుండ్రంగా పేర్చండి, ముల్లు బయటికి. బయటి వరసలో అడ్డసరం పెట్టండి, మేక దాన్ని ముట్టదు, తమిళంలో దానికి ఆడుతొడా అని పేరు వచ్చిందే అందుకు. చిత్తూరోళ్ళకు వేరే చెప్పాలా.

తుమ్మను మొదలు దగ్గర నరికి వదిలేస్తే ఒకటికి పది పిలకలు వేస్తుంది. గడ్డపారతో వేరు మొదలు బయటికి రావాలి.

అలిపిరి_మెట్లు

లంటానా కూడా ఉందా అక్కడ? కొండ వైపు అంటున్నావు కాబట్టి ఉండే ఉంటుంది. దాన్నీ పైన నరికితే లాభం లేదు. మొదలు దగ్గర మట్టి తీసి, నేలకు రెండంగుళాల కింద తల్లివేరు కోసేసి, పొదను తలకిందులుగా తిప్పి పెట్టాలి, వేరు గాలిలో ఉండేటట్టు. లేకపోతే కొమ్మ నేలకు తగిలిన చోట మళ్ళీ పాతుకుంటుంది. కాయ పండక ముందే చేయాలి, పిట్టలు కాయ తిని చెట్ల కింద రెట్ట వేస్తాయి, వానల తర్వాత అక్కడే చిన్న మొక్కలు లేస్తాయి, అప్పుడు చేత్తో పీకేయొచ్చు.

ఇంకా ఒక మాట, చర్చ ఎటూ పోతుంది కాబట్టి. ఎవరూ ఉత్సాహం కొద్దీ అడవిలోకి పోయి ఈ పనులు చేయొద్దు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు 1989 నుంచి ఉంది, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, అనుమతి లేకుండా అడుగు పెడితే కేసే. మేం ఒక బ్యాచ్ విత్తన బంతులు చేసి విసిరేద్దామని బయల్దేరి గేటు దగ్గరే ఆగిపోయాం. ఆపిన గార్డు మంచివాడు, కూర్చోబెట్టి చెప్పాడు: బాబూ, రాతి మీద పడింది ఎండిపోతుంది, మట్టిలో పడింది ఎలకలు తింటాయి, మీకు నిజంగా అడవి కోసం చేయాలని ఉంటే ఫిబ్రవరిలో రండి, ఫైర్ లైన్లు గీయడానికి మనుషులు చాలరు అని. పోయాం. బోద గడ్డి అని ఉంటుంది కొండల మీద, మనిషెత్తు, మార్చికి ఎండి కరకరలాడుతుంది, ఒక బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, గుర్తుందా? ఆ గడ్డి కోసి, ఎండుటాకు ఊడ్చి, మంట దాటలేని దారి ఒకటి చేస్తారు, అదే ఫైర్ లైన్. రోజంతా ఊడ్పే. ఫోటోలో ఏమీ కనపడదు, అందుకే ఎవరూ రారు.

ఎన్నెస్సెస్_పిల్ల

హాయ్ అన్నా, నేను డిగ్రీ సెకండియర్. మాకు ఎన్నెస్సెస్‌లో (జాతీయ సేవా పథకం) రెండేళ్ళకు 240 గంటలు కావాలి. దీనికి సర్టిఫికెట్ ఇస్తారా? మేం పదకొండు మంది ఉన్నాం, ఎనిమిది మంది అమ్మాయిలం. ఇంకో విషయం అడగొచ్చో లేదో, బాత్రూమ్ ఉంటుందా దగ్గర్లో? పోయినసారి ఒక క్యాంపులో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం దాకా లేదు, మేం నీళ్ళు తాగడమే మానేశాం, ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది.

తీతువు

అడగాల్సిన మాటే అడిగావమ్మా. తమ్ముడూ, కుంట దగ్గర ఒక ఇంటివాళ్ళతో మాట్లాడి పెట్టు, కాదంటే స్కూలు తాళం అడుగు. ఇది తేలకుండా అమ్మాయిల్ని పిలవొద్దు.

చంద్రగిరి_కుర్రోడు

సిగ్గుగా ఉంది అక్కా, ఆ ఆలోచనే రాలేదు. మా ఇల్లే ఉంది, కుంటకు రెండు వందల గజాలు. సర్టిఫికెట్ మీ కాలేజీ ప్రోగ్రాం ఆఫీసరు చేత ముందే లెటర్ తెప్పించు చెల్లీ, పంచాయతీ నుంచి గంటలు రాయిస్తా.

కోర్లగుంట_కాపురం

మొక్కలు, మేకలు అన్నీ మాట్లాడారు, నీళ్ళ మాట ఎవరూ ఎత్తరే! కుంట ఎందుకు ఎండింది? 2021 నవంబరు వానలకు తిరుపతిలో మా ఇంట్లో మోకాటి లోతు నీళ్ళు, బియ్యం డబ్బా తేలుతూ ముందు గదిలోకి వచ్చింది. అదే వారంలో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు ఊట పడి కింద ఊళ్ళు ఖాళీ చేయించారు. అంత వానలోనూ మా అత్తగారి ఊరి చెరువు సగం కూడా నిండలేదంటే నమ్ముతారా? కారణం ఏమంటే నీళ్ళొచ్చే కాలవలో కంప, కాలవ మీద ఎవరిదో మామిడి తోట గెనిమె (గట్టు). నీళ్ళు పక్కదారి పట్టి రోడ్డు మీద పడ్డాయి. నువ్వు ముందు ఆ కుంటకు నీళ్ళు యాడ నుంచి వస్తాయో కాలినడకన పోయి చూడు. దారి మూసుకుపోయి ఉంటే నువ్వు ఎన్ని మొక్కలు పెట్టినా ట్యాంకరు నీళ్ళతోనే బతకాలి. కట్ట మీద మాత్రం పెద్ద చెట్లు పెట్టొద్దు, చెట్టు చచ్చి వేరు కుళ్ళితే అది నీళ్ళకు గొట్టం అవుతుంది.

పలమనేరు_వాసి

మా వైపు సంగతి ఒకటి. మీకు వర్తించకపోవచ్చు, అయినా చెప్తా. 1980లలో తమిళనాడు నుంచి ఏనుగులు మా అడవుల్లోకి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. మా దగ్గర ఒక ఊళ్ళో కుర్రాళ్ళు కుంట చుట్టూ పనస, వెదురు, అరటి పెట్టారు. పచ్చగా భలే వచ్చాయి. మూడో ఏడు ఏనుగులు కూడా వచ్చాయి. ఊరివాళ్ళు కుర్రాళ్ళను ఇప్పటికీ తిడుతుంటారు. ఏ చెట్టు ఎవరిని పిలుస్తుందో చూసుకుని పెట్టుకోవాలి.

పీలేరు_బస్సు

మీకు ఏనుగులే కాదు, చంద్రగిరి దగ్గర చిరుతపులి కూడా వస్తుంది. టిఫిన్ సంగతి ఇంకా తేలలా.

తీతువు

మేకలోడి మాటకు ఒకటి చేరుస్తా. నేలపట్టు పక్షుల కేంద్రం చూశారు కదా, 2022 నుంచి అది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. గూడబాతులు అక్కడ అన్నేళ్ళుగా గూళ్ళు పెడుతున్నాయంటే అధికారుల కాపలా ఒక్కటే కాదు. పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని ఆ ఊరివాళ్ళకు తెలుసు, పిట్టను కొడితే వాళ్ళే ఊరుకోరు. మీ కుంటలో ఊరికి ఏం దొరుకుతుందో చూడండి. ఒండ్రు తోలుకోమంటే రైతులే ట్రాక్టర్లతో వస్తారు, మీ చిన్నాన్న బండి కూడా అక్కర్లేదు.

వేదిక నిర్వాహకులు

గూళ్ళు, దేవాంగపిల్లులు, నక్షత్ర తాబేళ్ళు కనిపించిన చోట్లు ఇక్కడ వివరంగా రాయకండి, లొకేషన్ పెట్టకండి. పట్టుకుపోయేవాళ్ళు కూడా చదువుతారు. ఒక పోస్టు తీసేశాం.

చంద్రగిరి_కుర్రోడు (మే 26)

రెండు ఆదివారాలు తిరిగి వచ్చా, రాస్తున్నా.

కాలవ వెంట నడిచా. కోర్లగుంట అన్న చెప్పినట్టే ఉంది. కొండ కింద వంక నుంచి కుంటకు ముక్కాలు కిలోమీటరు కాలవ, అందులో రెండు చోట్ల మనిషి దూరనంత కంప, ఒక చోట రోడ్డు కింద తూము మొత్తం మట్టి, బాటిళ్ళు, ఒక పాత పరుపు. పరుపు అన్నా! ఎవరు మోసుకొచ్చారో అంత దూరం.

మేకలున్న ఇళ్ళు మా ఊళ్ళో ఏడు. అందరితో మునీశ్వరుడి వేపచెట్టు కింద కూర్చున్నాం. మొదట ఒక గంట నన్ను తిట్టారు, పోయినసారి ఎవరో వచ్చి నాటిన మొక్కల లెక్క కూడా నా నెత్తినే వేశారు. తర్వాత ఒక పెద్దాయనే, పడమటి పక్క మూడేళ్ళు వదిలేస్తాం, తూర్పు పక్క తుమ్మ జోలికి మీరు రావొద్దు అన్నాడు. వీఆర్వోకు, పంచాయతీకి అర్జీ పెట్టా, తీర్మానం రాసిస్తామన్నారు. జేసీబీ లేదు, బెంచీలు లేవు, ఎర్రచందనం లేదు. కాలవ పని ముందు, జూన్ రెండో ఆదివారం నుంచి, పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకానే. మొక్కలు 60, ఆగస్టు చివర. జూన్ 5న ఆఫీసువాళ్ళు వస్తామంటే ప్లాస్టిక్ ఏరిస్తా.

టిఫిన్: రాగి సంగటి, పల్లీల చట్నీ. ఇక అడగొద్దు పీలేరు అన్నా.

మేకలోడు

కాలవ పనికి నేనొస్తా. మా ఊరు కాకపోయినా. గడ్డపారలు రెండు తెస్తా.

అలిపిరి_మెట్లు

వచ్చేవాళ్ళంతా బూట్లు వేసుకోండి, చెప్పులతో వద్దు. తుమ్మముల్లు హవాయి చెప్పును దూసుకుని వస్తుంది, మడమలో విరిగితే నెల రోజులు కుంటాలి, నాకూ అట్లాగే అయింది. కంప కుప్పల్లో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజరి చుట్టుకుని పడుకుంటుంది. కరిస్తే కట్టు, కోత, నాటు మందు ఏమీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి బండిలో నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికి.

చంద్రగిరి_కుర్రోడు (డిసెంబరు 7)

చానా రోజులైంది. ఎవరన్నా ఇంకా చూస్తుంటే అప్‌డేట్.

మొదటి ఆదివారం 23 మంది, రెండోదానికి 9, మూడోదానికి నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు మేకలోళ్ళు, ఒకరు ఎన్నెస్సెస్ చెల్లి. ఆగస్టు అంతా నేను, మా నాయన, ఆ చెల్లి బ్యాచే. మిగతా పేర్లు చెప్పనులే, ఆఫీసులో రోజూ మొహం చూసుకోవాలి. 60 మొక్కలకు 60 పెట్టాం, ఇప్పటికి 51 ఉన్నాయి. ఆరు చెదలకు పోయాయి, మూడు ఎవరో పీక్కుపోయి ఇంట్లో పెట్టుకున్నారు (నేరేడు, ఆ ఇల్లు నాకు తెలుసు, బాగానే పెంచుతున్నారు, ఊరుకున్నా).

కాలవ తూములో మట్టి తీసింది అక్టోబరు మొదటి వారానికి అయింది. పోయిన నెల వాయుగుండం వానకు రాత్రి రెండింటికి మా నాయన లేపాడు, వినరా అని. కరెంటు లేదు. టార్చి వేసుకుని పోయాం. తూములోంచి ఎర్రనీళ్ళు గడగడా దిగుతున్నాయి, ముందుగా నురుగు, ఎండుటాకులు, ఒక చెప్పు, ఆ వెనక నీళ్ళు. మేకల పెద్దాయన అప్పటికే గట్టు మీద గోనెసంచి కప్పుకుని కూర్చుని ఉన్నాడు, మాకంటే ముందొచ్చాడు. తెల్లారేసరికి తుమ్మ మొదళ్ళు మునిగాయి. మొరవ (కుంట నిండితే నీళ్ళు బయటికి పోయే చోటు) పారలేదు, అంత రాలేదు, ముప్పావు నిండింది.

తీతువు

తూర్పు పక్క ఖాళీ నేల అట్లాగే ఉంచావా?

చంద్రగిరి_కుర్రోడు

ఉంచా అక్కా. మార్చిలో నువ్వు వస్తే చూపిస్తా, ఇప్పుడే తీతువుల జత ఒకటి రోజూ అక్కడే తిరుగుతుంది, మమ్మల్ని చూస్తే ఒకటే కేకలు.

ఫిబ్రవరి నుంచి నీళ్ళు తోలాలి, బుధవారం సాయంత్రం, ఆదివారం పొద్దున. ట్రాక్టరు ఉంది, డ్రమ్ములు మూడు ఉన్నాయి, మనుషులు తడవకు నలుగురు కావాలి. మేలో గంగజాతర వారం మా ఊళ్ళో ఎవరూ దొరకరు, ఆ వారానికి తిరుపతి బయటివాళ్ళు ఇద్దరు ఇప్పుడే చెప్పిపెట్టండి. ఇంకా, కాలవ పని రోజు సెలికెపారలు రెండు ఎవరో తీసుకుపోయారు, ఒకదానికి పిడి మీద ఎర్ర గుడ్డ చుట్టి ఉంటుంది, మా చిన్నాన్నది, ఆయన నన్ను తినేస్తున్నాడు.

పీలేరు_బస్సు

ఎర్ర గుడ్డది నా దగ్గరుంది. బుధవారం తెస్తా.